బొట్టు కింద గీత

టిక్‌మని చిన్న చప్పుడైంది. తలెత్తి చూస్తే, కారు ముందద్దం మీది కుంకుమ బొట్టు కింది నుంచి సన్నని గీత ఒకటి నా వైపు పాకుతోంది. నా ఒడిలో మూడేళ్ల కొడుకు నిద్రపోతున్నాడు.

దసరా మరునాడు ఆత్మకూరులో మా అమ్మవాళ్లకు జమ్మి ఆకు ఇచ్చి జడ్చర్లకు తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో అత్తమ్మ, మా పాప. పండక్కి ముందే టిప్పర్ నుంచి కంకర రాయి తగిలి అద్దంలో జొన్నగింజంత చుక్క పడింది. ఆయుధ పూజనాడు అత్తమ్మ అద్దం లోపలి వైపు సరిగ్గా దానిమీదే బొట్టు పెట్టింది. చుక్క కనబడకపోయేసరికి అందరం మరిచిపోయాం.

"జర ఆపుర్రి," అన్నాను.

"గీతనే కద. ఇంటికి పోయినంక చూద్దాం," అన్నాడు మా ఆయన.

చున్నీ కొసతో బొట్టు తుడవబోయాను.

"పండుగ బొట్టు తుడుస్తవా బిడ్డా? మొన్ననే పెట్టిన," అంది అత్తమ్మ.

"దాని కింద ఏమున్నదో చూడనియ్యి అత్తమ్మా."

బొట్టు తుడిచి చూస్తే, ఆ జొన్నగింజంత చుక్కకు కాళ్లు మొలిచాయి. బయట ఎండకు అద్దం కాలిపోతోంది. లోపల ఏసీ చల్లగాలి దానికే తగులుతోంది. ఆ వేడికీ చలికీ మధ్య గీత సాగుతోంది. ముందద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుందని, పగిలినా ఊడి మీద పడదని కాలేజీలో చదువుకున్నాను. ఒడిలో బిడ్డ ఉన్నప్పుడు ఆ చదువు ధైర్యం ఇవ్వలేదు.

గీత సాగడం చూసి ఆయన కారు పక్కకు ఆపి, ఏసీ బంద్ చేశాడు. నేను కొడుకును తీసుకుని వెనక్కి వెళ్లాను.

"మీరంత ఎన్కకు పోయి నా కొడుకును ఒక్కన్నే ముందల ఉంచుతరా?" అంది అత్తమ్మ.

"బొట్టు పెట్టినదానివి నువ్వే రా అమ్మా ముందలికి," అన్నాడాయన.

ఆమె నిజంగానే వెళ్లి కూర్చుంది. కారు మెల్లగా నడిచింది. జడ్చర్ల దాకా ఆమె ఆ గీత మీదినుంచి కన్ను తిప్పలేదు. "బిడ్డా, ఇంకో ఏలంత పెరిగింది," అని మధ్యమధ్య చెబుతూనే ఉంది. ఇల్లు చేరేసరికి గీత అద్దం అంచును తాకింది కానీ, ఒక్క పెంకు రాలలేదు.

పొద్దున లేచి చూస్తే పిల్లలిద్దరూ కారు ముందు నిలబడి ఉన్నారు. పాప గీత మీద వేలు పెట్టబోతోంది.

"ముట్టొద్దు. ఇయ్యాల నాయిన కొత్తద్దం ఏపిస్తడు," అన్నాను. "మల్ల ఎప్పుడన్న చుక్క కనవడితే ముందుగాల నాకు చెప్పుర్రి, బొట్టు తర్వాత. ఇగ ముందు సీట్ల అమ్మ ఒడి ఉండదు. ఎన్క సీట్లనే ఉంటది."