అన్నానికి ముందు బుజ్జులు చేసిన ప్రార్థన

పెళ్ళికాని మగవాడు ఉద్యోగం వచ్చాక కూడా అక్కగారింట్లో ఉంటే ఎంత సుఖమో, అంత నిఘా. గుడివాడలో మా అక్కావాళ్ళింట్లో ఉంటూ గుడ్లవల్లేరులో ఒక కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్ళొచ్చే రోజుల్లో ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది. వేడివేడి అన్నం, ఉతికిన బట్టలు, బావగారి బైకు, అన్నీ ఉండేవి. ఒక్కరితో చాటుగా మాట్లాడుకునే చోటు మాత్రం ఉండేది కాదు. నాకేమో అలా మాట్లాడుకోవాల్సిన మనిషి ఉంది. అదే కాలేజీలో లెక్కలు చెప్పేది, అదే బస్సులో వచ్చేది (ఇప్పుడు మా ఇంటావిడ, ఇది చదివి ఏమంటుందో చూడాలి). అందుకని రోజూ సాయంత్రం డాబా ఎక్కి, వాటర్ ట్యాంకు వెనక నిలబడి ఫోన్ చేసేవాణ్ణి.

ఒకరోజు వెనక్కి తిరిగితే మా అక్క కూతురు బుజ్జులు నిలబడి ఉంది. అప్పుడు దానికి ఐదేళ్ళు. “ఎవరితో మాట్లాడుతున్నావ్ మావయ్యా?” అంది. కంగారులో నోటికొచ్చింది చెప్పేశాను, “ప్రార్థన చేసుకుంటున్నానమ్మా” అని.

“ఫోన్లోనా?”

“పెద్దవాళ్ళు ఫోన్లో కూడా చేసుకోవచ్చు.”

“దేవుడి నెంబరు నీ దగ్గరుందా?”

“ఉంది. అమ్మకి చెప్పకు, తనకీ కావాలంటుంది.”

అది కాసేపు ఆలోచించి, “చెప్పన్లే” అంది. అప్పట్నుంచీ రోజూ నాతోపాటు డాబా ఎక్కి, కాస్త దూరంగా బుద్ధిగా కూర్చునేది. ప్రార్థన వేళ అల్లరి చెయ్యకూడదని దానికి మా అక్క నేర్పింది మరి. పిల్ల ఎంత భక్తిగా ఉందో అనుకున్నానేగానీ, వింటోందని అనుకోలేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక పాస్టరుగారు భోజనానికి వచ్చారు. పెదపారుపూడి దగ్గర మా ఊరి నుంచి నాన్న కూడా వచ్చారు. ఆయన రిటైరైన బడిపంతులు. నాకు ఇరవై ఆరేళ్ళొచ్చినా, ఆయన ముందు నిలబడితే ఎక్కాలు మర్చిపోయినవాడిలా ఉండేది. పాస్టరుగారి చొక్కా జేబులో ఒక ఫోటో ఉంది. నాకు సంబంధమట, చిలకలపూడి అమ్మాయి, మన చర్చి సంఘమే, భోజనాలయ్యాక చూద్దామన్నారు. నాన్న అప్పటికే సగం ఒప్పేసుకున్నారు. నేను నోరెత్తలేదు. ఎందుకంటే నేను చెప్పాల్సిన అమ్మాయి వాళ్ళది వేరే సంఘం, నాన్న దృష్టిలో అది వేరే దేశంతో సమానం.

విస్తళ్ళు వేశాక పాస్టరుగారు, “ఇవాళ బుజ్జులు ప్రార్థన చేస్తుంది” అన్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం.

“ప్రేమగల తండ్రీ, అన్నం ఇచ్చినందుకు వందనాలు. కోడికూర ఇచ్చినందుకు వందనాలు. నువ్వు రోజూ మావయ్యతో ఫోన్లో మాట్లాడుతున్నందుకు వందనాలు. అన్నం తిన్నావా, ఏం కూర అని మావయ్య నిన్ను అడుగుతున్నాడు కదా. మొన్న నువ్వు కట్టుకున్న పచ్చచీర చాలా బాగుందంట. సోమవారం కూడా అదే కట్టుకోమన్నాడు కదా, కట్టుకో తండ్రీ. బస్సులో మావయ్యకి సీటు ఆపు. ఆమేన్.”

మామూలుగా ఆమేన్ అనేసరికి అన్ని గొంతులూ కలుస్తాయి. ఆ రోజు ఎవరూ అనలేదు. ఒక కన్ను తెరిచి చూశాను. నాన్న రెండు కళ్ళూ తెరిచి నన్నే చూస్తున్నారు. మా అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు రెండుసార్లు దగ్గి, నిదానంగా “ఆమేన్” అన్నారు. ఆ తర్వాత, “మాస్టారూ, ఈ ఫోటో నా జేబులోనే ఉండనిద్దామండీ” అన్నారు.

“అమ్మకి చెప్పొద్దన్నానా” అని బుజ్జులు చెవిలో గొణిగాను. “అమ్మకి చెప్పలేదుగా, దేవుడికే చెప్పా” అంది, కోడికాలు అందుకుంటూ.

నాన్న కూర, చారు వరసగా కానిచ్చి పెరుగన్నం దాకా వచ్చారు. చివరికి తలెత్తకుండా, “ఆ పచ్చచీర అమ్మాయి ఎవరు?” అన్నారు.

చెప్పాను. అవనిగడ్డ దగ్గర ఊరని, వేరే సంఘమని కూడా చెప్పాను.

“వాళ్ళూ ఆదివారమే చర్చికి వెళ్తారా?”

“వెళ్తారండి.”

“అయితే ఆదివారం ఇంట్లో ఉండరు. శనివారం వెళ్దాం” అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

నిజానికి ఈ మాట నాన్నతో ఎలా మొదలుపెట్టాలా అని ఎనిమిది నెలలపాటు బస్సు కిటికీ పక్కన కూర్చుని లోలోపల వల్లెవేసుకున్నాను. దానికో ఉపోద్ఘాతం, రెండు ఉదాహరణలు, ఆఖర్న కాస్త గద్గద స్వరం. ఒక్కటీ వాడుకోవలసిన అవసరం రాలేదు. క్లాసులో అరవైమంది ముందు గొంతెత్తి పాఠం చెప్పి, ఇంటికొచ్చి ఐదేళ్ళ పిల్ల ముందు బొంకిన ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది. కాస్త ముద్దొస్తాడు కూడా.