తెలుగులో తలుపు లేని డిక్షనరీ

మా చిన్నప్పుడు... నర్సాపురంలో మా ఇంగ్లిషు మాస్టారి బల్ల మీద ఇటుకంత డిక్షనరీ ఒకటి ఉండేది. ఇంగ్లిషు మాటకి ఇంగ్లిషులోనే అర్థం. వెతికినా తెలుగు అక్షరం కనపడదు. తెలుగులో అర్థం చూసుకునేవాడికి జన్మలో ఇంగ్లిషు రాదనేవారాయన.

నా పక్కన సత్యవతి కూర్చునేది. సత్తి అనేవాళ్ళం. గోదావరి అవతలి ఒడ్డున పల్లెపాలెం వాళ్ళది. నాన్న చేపలు పడతాడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధులంట అమ్ముతుంది. మేనమామ పాలకొల్లులో పాత పుస్తకాల కొట్లో కొని, అట్ట వేసి ఇచ్చిన తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు బడికి తెచ్చుకుంది. మాస్టారు అది తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. పరీక్షలయ్యాక ఇస్తానన్నారు.

సత్తికి ఒక చిక్కు ఉండేది. కొన్ని రోజులు పొద్దున్నే పాటు వచ్చేది... అంటే సముద్రం నీళ్ళని వెనక్కి లాక్కునే వేళ. రేవులో నీళ్ళు తగ్గి పడవ బురదలో దిగబడిపోతుంది. మళ్ళీ పోటెక్కేదాకా ఆగాల్సిందే. అలా ఆలస్యమయ్యేది. మొదటి పీరియడ్ ఇంగ్లిషు. ఎందుకు ఆలస్యమైందో ఇంగ్లిషులో చెబితేనే లోపలికి... లేకపోతే గంట కొట్టేదాకా బయట ఎండలో.

అంటే ఇంగ్లిషు రాదని ఇంగ్లిషు క్లాసుకే రానివ్వలేదు. ఈ న్యాయం ఏ చదువుకున్న బుర్రకి తట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

'పాటు'ని ఇంగ్లిషులో ఏమంటారో ఆ పిల్లకి కావాలి. అన్నాల వేళ ఇద్దరం మాస్టారి డిక్షనరీ ముందు నిలబడ్డాం. ఏ పేజీ తియ్యాలి? మాట తెలిస్తే అర్థం చెబుతుందది. అర్థం తెలిసి, మాట కోసం వచ్చినవాళ్ళకి అందులో తలుపే లేదు. చివరికి మాకు తెలిసిన 'వాటర్' తీశాం. రంగూ రుచీ వాసనా లేనిదని ఉంది. సత్తి పకపకా నవ్వింది.

"గోదారికి వాసన లేదంటాడేంటే వీడు?"

ఆ పుస్తకం ముందు తను నవ్వడం అదే ఆఖరు.

మళ్ళీ పాటు వచ్చిన రోజున, గుమ్మంలో నిలబడి ధైర్యం చేసింది. "వాటర్ గో సార్... సీ."

క్లాసంతా గొల్లుమంది. నీళ్ళకి కూడా కాళ్ళొచ్చాయా అన్నారు మాస్టారు... తెలుగులో! ఆయనకి తెలుగు నిషేధం లేదు మరి. వెళ్ళి బయట నిలబడమన్నారు.

ఆ రోజు ఆ గదిలో నిజం చెప్పింది సత్తి ఒక్కతే. నీళ్ళు సముద్రంలోకే వెళ్ళాయి.

ఇక నా సంగతి. డిక్షనరీతోనే నేర్చుకున్న పిల్లగా మాస్టారు నన్ను అందరికీ చూపించేవారు. అసలు జరిగేది వేరు. మా ఇంట్లో మేనత్త ఉండేది. రాజమండ్రిలో బి.ఏ. చదివింది. సాయంత్రం బీరకాయలు చెక్కు తీస్తూ, ఆ ఇంగ్లిషు అర్థాలన్నీ నాకు తెలుగులో విప్పి చెప్పేది. నా చదువంతా ఆ తెలుగే. పేరు మాత్రం డిక్షనరీకి.

సత్తి ఇంట్లో అత్త లేదు. ఉన్న ఒక్క పుస్తకమూ బీరువాలో ఉంది.

సత్తిని బయట నిలబెట్టిన ఆ సాయంత్రమే, 'పాటు'ని ఏమంటారో అత్తని అడిగాను. కాసేపు ఆలోచించి 'ఎబ్' అని చెప్పింది. ఎంత చిన్న మాటండీ... మర్నాడు బడికి పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. సత్తి నోట్లోనే ఒకసారి అనుకుంది. తర్వాత, ఇంక రానే అంది. వాళ్ళ నాన్న అన్న మాట చెప్పింది.

"ఎండలో నిలబడ్డానికి ఏరు దాటి వెళ్ళాలా? మన ఒడ్డున ఎండ లేదా?"

ఆ ప్రశ్నకి ఏ డిక్షనరీలో జవాబుంది?

పరీక్షలయ్యాక బీరువా తీశారు. సత్తి పుస్తకం నేను ఇస్తానండీ అని చెయ్యి చాపాను. ఎవరిది వాళ్ళే వచ్చి తీసుకోవాలన్నారు మాస్టారు. మళ్ళీ తాళం పడింది.

మాస్టారి ఆ లావు డిక్షనరీ మీద నాకు కోపం లేదు. అలాంటిది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది, రోజూ తీస్తాను. నాలుగు మెట్లెక్కినవాడికి అది అయిదో మెట్టు. మొదటి మెట్టు పీకేసి, పైకి రాలేదేం అని పిల్లల్ని అడిగేవాళ్ళ మీదే నా కోపం. మొన్న మా చెల్లెలి మనవరాలి బడి వాట్సాప్ గ్రూపులో, ఇంట్లో కూడా పిల్లలతో తెలుగు మాట్లాడొద్దని పెట్టారు. కింద వరసగా దణ్ణాలు, బొటనవేళ్ళు. నేను ఒప్పుకోనని రాస్తే, పాతకాలం మనిషినన్నారు.

ఇప్పుడు ఫోన్‌ని తెలుగులో అడిగితే చాలు, ఇంగ్లిషు మాట వచ్చేస్తుంది. 'పాటు' అని అడిగినప్పుడల్లా నాకు ఆ గుమ్మమే కనిపిస్తుంది...

మీ పక్కన కూర్చుని, ఒక రోజు నుంచి ఇక రాకుండా పోయిన వాళ్ళెవరండి? వాళ్ళ పేర్లు కింద రాయండి... తెలుగులోనే.