సాల్వెన్సీ తగ్గిన రోజు

మా కంపెనీ మునిగిపోయిందని హిందీ చానెల్ వాడు పొద్దున్నే అరవడం మొదలుపెట్టాడు. నిజానికి మునగలేదు. ఆరోగ్య బీమా కంపెనీ ఏదైనా సరే, కట్టాల్సిన క్లెయిములన్నిటికీ సరిపడా సొమ్ము పక్కన పెట్టాక, ఆ పైన కొంత మిగులు చూపించాలి. ఆ మిగులు కనీసం ఎంత ఉండాలో నియంత్రణ సంస్థ లెక్కకట్టిస్తుంది. చేతిలో ఉన్న మిగులు ఆ లెక్కకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. మేం దాన్ని సాల్వెన్సీ అంటాం. మాది ఆ గీత కిందికి జారింది. యజమానులు కొత్తగా పెట్టుబడి తెచ్చేదాకా కొత్త పాలసీలు అమ్మొద్దనీ, పాతవాళ్ల క్లెయిములు మాత్రం ఆపకుండా కట్టాలనీ ఉత్తర్వు వచ్చింది. చానెల్ వాడికి ఆ రెండో ముక్క అక్కర్లేకపోయింది. "కంపెనీ డూబ్ గయీ" అన్నదొక్కటే మధ్యాహ్నానికి భిలాయి అంతా చుట్టేసింది.

నేను ఆ కంపెనీ భిలాయి బ్రాంచిలో క్లెయిములు చూసేదాన్ని. పుట్టి పెరిగింది ఆ ఊరి మరోదా పేటలోనే. మా పక్కింటి బాబాయి మాకు చుట్టం కాదు, కానీ మా నాన్నలాగే విజయనగరం వైపు నుంచి వచ్చినవాడు. నాన్నది ఉక్కు ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం. బాబాయి మాత్రం చివరిదాకా కాంట్రాక్టు కూలీగా ఠేకాదారు కింద ఇనుము మోశాడు. పని మానేశాక ప్లాంటు ఆస్పత్రి ఆయనకు లేదు. అందుకే నేనే పట్టుబట్టి ఆయన చేత మా పాలసీ తీయించాను.

పిన్నికి గుండె కవాటం పాడైంది. దుర్గ్ రోడ్డులోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషను ఆ రోజే. స్ట్రెచరు మీద థియేటరు తలుపుదాకా తీసుకెళ్లారు. అంతలో వార్త వాళ్ల చెవిన పడింది. మీ బీమా చెల్లదు, నగదు కట్టండి లేదా తీసుకుపొండి అని పిన్నిని వెనక్కి వార్డులోకి నెట్టేశారు.

బాబాయి కొడుకుని వెంటబెట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కాడు. వాళ్ల వెనక ఇలాగే ఆస్పత్రుల నుంచి వెనక్కొచ్చినవాళ్లు ఉన్నారు. ఏ పాలసీ లేకుండా గొడవ చూద్దామని వచ్చినవాళ్లూ ఉన్నారు.

"ఏటే గుంటా, మీ కంపెనీ పోయిందట?"

"పోలేదు బాబాయ్. కొత్తవి అమ్మొద్దన్నారంతే. పిన్ని ఆపరేషనుకి డబ్బులొస్తాయి. ఆస్పత్రి వాళ్లతో నేను మాట్లాడతాను, కూర్చో."

"కూకోడానికి రాలేదే నాను. గుక్కెడు మంచినీల్లు తాగకండా పడుంది మనిషి. తలుపు కాడ నుంచి ఎనక్కి తోసేసినారు."

బాబాయి కొడుకు నాకంటే చిన్నవాడు, వెల్డింగు షాపులో పని. వాడికి హిందీయే ముందు వస్తుంది. "మేనేజర్ కిధర్ హై? హమారా పైసా కహాఁ గయా?" అని మేనేజరు కోసం, తమ డబ్బు కోసం అరిచాడు.

మా మేనేజరు రాయపూర్ వాడు, మెత్తని మనిషి. గదిలోంచి బయటికొచ్చి చేతులు జోడించి, "భయ్యా, సాల్వెన్సీ థోడా కమ్ హుఆ హై, బస్" అన్నాడు. కొంచెం తగ్గింది, అంతే అని. ఆ "కమ్" అన్న మాట చాలు.

"విన్నారా? డబ్బు తక్కువైందని వీడే చెప్తున్నాడు!" అని వెనక నుంచి ఎవడో హిందీలో కేక పెట్టాడు.

మొదటి కుర్చీ అద్దాల గోడకు తగిలింది. ఆ తరవాత ఎవరు ఏం చేస్తున్నారో తెలియలేదు. కంప్యూటర్లు నేలకేసి కొడుతున్నారు. నీళ్ల క్యాను పగిలి, గాజు ముక్కలతో కలిసి నీళ్లు నా చెప్పుల కిందికి వచ్చాయి. ఎవడో వెనక నుంచి నా జడ పట్టి గుంజాడు, తల వెళ్లి బీరువాకు తగిలింది. లేచి చూసేసరికి బాబాయి కొడుకు చేతిలో షట్టరు దింపే ఇనప కడ్డీ ఉంది. మేనేజరు మొహం మీద కొట్టాడు. కళ్లజోడు పగిలి, గాజు కంట్లోకే దిగింది. ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. కడ్డీ మళ్లీ లేచింది. నేను అడ్డం వెళ్లి ఎడమ చెయ్యి ఎత్తాను. ఎముక విరిగిన చప్పుడు నా పళ్లల్లో వినపడింది.

"ఎవుల్ని కొట్టినావురా! ఎవుల్ని కొట్టినావు!"

అది బాబాయి గొంతు. కొడుకు చొక్కా పట్టి గోడకేసి కొట్టాడు. కడ్డీ ఎప్పుడో కింద పడిపోయింది, వాడు తిరగబడలేదు కూడా. ఇనుము మోసిన చేతులవి. ముక్కు పగిలి, పెదవి చీలి, వాడి నెత్తురు గోడ మీద చారికలుగా జారుతున్నా ఆయన ఆపడం లేదు. నేను ఒంటిచేత్తో ఆయన మెడకు వేలాడాను.

"సచ్చిపోతాడు బాబాయ్! ఒగ్గెయ్!"

అప్పటికి పోలీసులొచ్చారు. మెట్ల మీద కనపడినవాడినల్లా లాఠీలతో బాదారు. బాబాయికీ మోకాలి మీద పడింది. కొడుకుని కాళ్లు పట్టి ఈడ్చుకుపోయారు. మేనేజరుని అంబులెన్సులో పంపి, చర్మం చీలి నెత్తురు కారుతున్న చేతిని చున్నీతో కట్టుకుని, నేనూ బాబాయీ ఆటోలో పిన్ని ఉన్న ఆస్పత్రికి వెళ్లాం.

కట్టు కట్టించుకోమన్నారు. అక్కర్లేదు, అడ్మినిస్ట్రేటరుని పిలవమన్నాను. ఫోనులో ఉత్తర్వు చూపించాను. పాత క్లెయిములు కట్టి తీరాలని అందులో ఉంది. ఆయన దానివైపు చూడకుండా, "పైనుంచి చెప్పారు మేడమ్" అన్నాడు. నాకు ఏమైందో తెలియదు, బాగున్న చేత్తో ఆయన కాలరు పట్టుకుని బల్ల మీదికి లాగాను. ఆయన తెల్ల చొక్కాకు నా నెత్తురంటింది. గార్డులు నన్ను వెనక్కి లాగారు, విరిగిన చెయ్యి బల్ల అంచుకు కొట్టుకుని నేను పెట్టిన కేక వార్డులదాకా వినిపించింది. ఆ కేకకే పిన్నికి ఆపరేషను చెయ్యాల్సిన సర్జన్ బయటికొచ్చింది. నా ఫోను తీసుకుని ఉత్తర్వు నిలబడే చదివింది.

"మీరిది చదివారా?" అని ఆయన్ను అడిగింది. "థియేటరు సిద్ధం చేయండి" అంది.

పిన్ని బతికింది. క్లెయిము మామూలుగానే వచ్చింది. కొన్ని నెలలకు యజమానులు పెట్టుబడి తెచ్చారు, సాల్వెన్సీ గీత దాటింది, అమ్మకాల మీద ఆంక్ష తీసేశారు. మేనేజరుకి ఆ కన్ను మాత్రం తిరిగి రాలేదు. ఆయన రాయపూర్ వెళ్లిపోయి మళ్లీ భిలాయి మొహం చూడలేదు.

దుర్గ్ కోర్టులో సాక్ష్యం నాది. కొట్టింది ఎవరని అడిగితే, బోనులో ఉన్నవాణ్ని చూపించాను. వాడు తల దించుకున్నాడు. బయట చెట్టు కింద బాబాయి నా కోసం నిలబడి ఉన్నాడు.

"నువ్వు సెప్పింది నిజమేనమ్మా. కాదనను. కానీ ఇంక మా గుమ్మం తొక్కకు."

తొక్కలేదు. ఆయనా మా ఇంటివైపు చూడడం మానేశాడు.

కిందటేడు పాలసీ రెన్యువలుకి పిన్ని ఒక్కతే వచ్చింది. ఇప్పుడు మా కౌంటరుకి ఇనప గ్రిల్లు ఉంది. దాని అవతల నిలబడి ఆయాసం తీర్చుకుంది.

"ఈసారైనా మీ కంపెనీ కాడ డబ్బులున్నాయేటే?"

"ఉన్నాయి పిన్నీ. మూడు నెలలకోసారి నియంత్రణ సంస్థకి లెక్క చూపించాలి."

ఆమె గ్రిల్లులోంచి వేళ్లు పెట్టి నా ముంజేతి మీద కుట్ల మచ్చ తడిమింది. "మావోడు వచ్చే ఏడు జైల్లోంచి బయటికొస్తాడు. నీ కాడికి తీసుకొస్తానే. తిడతావో కొడతావో నీ ఇష్టం."

"తీసుకురా పిన్నీ" అన్నాను. వాడు ఎదురుగా నిలబడితే నేను ఏం చేస్తానో నాకు తెలియదు.