ఇండియా గెలిస్తే పంపుతా

నా చిన్నప్పుడు మా ప్రత్తిపాడు వీధిలో ఫుట్‌బాల్ చూసేవాళ్లం ఇద్దరమే. ఒకరు పక్కింటి అక్క. రెండోవాణ్ణి నేను, అదీ అక్క చూస్తుంది కాబట్టి. అక్క చూడటమే కాదు, ఆడేది. కాలేజీ జట్టులో వెనక వరుసలో నిలబడి, ఎదురొచ్చే బంతిని ఆపేది. ఆ ఏడాది రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరానికి ఎంపికైంది. నెల రోజులు వేరే ఊళ్లో ఉండాలి.

అక్క వాళ్ల నాన్నను నేను బాబాయి అనేవాణ్ణి. మిరప రైతు, మెత్తని మనిషి. కూతుర్ని పంపాలని ఆయనకు ఉంది. కానీ ఆ ఇంట్లో ఏ పనికైనా ఆయన అన్నగారు ఊ అనాలి. మేమంతా పెదనాన్న అని పిలిచే ఆ పెద్దాయన ససేమిరా అన్నాడు. "నిక్కర్లేసుకుని ఊళ్లు తిరిగితే రేపు సంబంధాలెవడు తెస్తాడ్రా?" అన్నాడు. అన్నకు ఎదురుచెప్పడం బాబాయికి చేతకాదు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు.

ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో ఆ వారమే మన దేశానికి ఒక చిన్న ద్వీప దేశంతో ఆట ఉంది. ఆ దేశం జనాన్నంతా మన గుంటూరు మిర్చి యార్డులో కూర్చోబెట్టొచ్చని బాబాయి నవ్వేవాడు. ఒక సాయంత్రం కల్లంలో ఎండిన కాయలు పోగుచేసి అందరూ కూర్చున్నప్పుడు, నలుగురూ వింటుండగా అన్నాడు: "అన్నయ్యా, ఎల్లుండి ఇండియా గెలిస్తే పిల్లని పంపుతా. ఓడితే ఆ ఊసే ఎత్తను. పదిమందిలో అంటున్నా."

పదిమందిలో అన్న మాటకు మా వైపు కాగితం అక్కర్లేదు. గెలిస్తే పెదనాన్న కాదనలేడు. బాబాయి అన్నను ఎదిరించినట్టూ కాదు. ఫుట్‌బాల్ సంగతేమీ తెలియని పెదనాన్న సరేనన్నాడు. ఇంట్లోకి రాగానే బాబాయి కూతురితో, "పిచ్చి మొహమా, ఓడే ఆటేనా అది? బట్టలు సర్దుకో" అన్నాడు.

అక్క నవ్వలేదు. నేనూ నా లెక్కలు చెప్పాను. మన దేశం పెద్దది, ఆట మన గడ్డ మీదే, పైగా వాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్లు. మూడూ నిజాలే. "బంతికి ఇవన్నీ తెలీవురా" అంది అక్క.

ఆట రోజున టీవీని వరండాలో పెట్టారు. మిరప ఘాటుకు తుమ్ముతూనే అందరూ చూశారు. మనవాళ్లు మొదట్లోనే గోల్ కొట్టారు. బాబాయి మీసం మీద చెయ్యి వేశాడు. "ఇంకేముంది, అమ్మాయిని రైలెక్కించండి" అన్నారు ఎవరో. విరామం తర్వాత అక్క మెల్లగా, "నాన్నా, మనవాళ్లు వెనక్కి రావట్లేదు. కుడివైపంతా ఖాళీ వదిలేస్తున్నారు" అంది.

"ఏంటమ్మాయ్, నువ్వు వాళ్ల పార్టీయా?" అని అందరూ నవ్వారు.

వాళ్ల మొదటి గోల్ ఆ కుడివైపు నుంచే వచ్చింది. ఆట ముగుస్తుందనగా రెండోదీ అటునుంచే. బంతి వలను తాకకముందే అక్క కళ్లు మూసుకుంది.

పెదనాన్న కూడా సంతోషించలేదు. "ఏరా తమ్ముడూ, నువ్వన్న మాటే" అన్నాడు, అంతే. బాబాయి నోరు తెరిచాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. "మాట మాటేలే అన్నయ్యా" అన్నాడు.

అక్క ఏడవలేదు. "వాళ్లు బాగా ఆడారు నాన్నా" అని లేచి, మంచు పడుతుందని మిరప పోగు మీద పట్టా కప్పడానికి కల్లంలోకి వెళ్లింది. రెండో కొస పట్టుకుందామని బాబాయి లేచాడు. ఏమనుకున్నాడో, మళ్లీ కూర్చుండిపోయాడు.

అక్కకు మళ్లీ పిలుపు రాలేదు. తనూ అడగలేదు. ఇప్పుడు చీరాలలో భర్తతో కలిసి చేనేత చీరల కొట్టు చూసుకుంటోంది. ఎప్పుడు వెళ్లినా కబుర్లు చెబుతుంది, భోజనం పెట్టందే పంపదు. ఫుట్‌బాల్ మాత్రం చూడదు. చూసేది బాబాయి. మొన్న మా ఊరు వెళ్లినప్పుడు కూడా ఏదో ఆట పెట్టుకుని కూర్చున్నాడు. నేనడక్కుండానే అన్నాడు: "పంపాలని ఉన్నప్పుడు పంపెయ్యాల్సిందిరా. మా అన్నయ్య నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు, అంతేగా. ఆ మాత్రానికి భయపడి పిల్లని తీసుకెళ్లి ముక్కూ మొహం తెలియని పదకొండు మంది కాళ్ల దగ్గర పెట్టా."

ఇద్దరం చివరిదాకా ఆట చూశాం.

యంత్రాలకు షరతులు రాయడం నా ఉద్యోగం. ఇది సరిపోతే అది చెయ్యి, సరిపోకపోతే ఆగు. మనుషుల దగ్గరా ఆ మాటే ముందు నోటికొస్తుంది. పోయిన నెల మా చెల్లెలు పై చదువుకు పుణె వెళ్తానంది. "మార్కులు బాగా వస్తే చూద్దాం" అనబోయాను. బాగానే వస్తాయని నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట మింగేసి, "వెళ్లు" అన్నాను.

నాన్న ఒప్పుకోడు. ఆ మాట ఆయనతో నేనే మాట్లాడాలి.