ఇరుసు నట్టు మీద పసుపు చుక్క

తుకుం పేటలో పోశన్న మెకానిక్ షెడ్డుకు బోర్డు లేదు. అవసరమూ లేదు. బుల్లెట్ బండి మొరాయిస్తే చంద్రపూర్‌లో ఎవరైనా అక్కడికే నెట్టుకొచ్చేవారు. నట్టు బిగించాక దాని మీద పసుపు రంగు చుక్క పెట్టడం ఆయన అలవాటు. సగం నట్టు మీద, సగం ఇరుసు మీద పడేటట్టు పెట్టేవాడు. నట్టు వదులై తిరిగితే చుక్క రెండు ముక్కలై పట్టిస్తుంది. చుక్క ఉందంటే పోశన్న మాట ఇచ్చినట్టే.

1995 చలికాలంలో బట్టల వ్యాపారి ధనరాజ్ శేట్ ఓ కబురు పట్టుకొచ్చాడు. ఎనిమిది మంది మోటార్‌సైకిళ్ల మీద నేపాల్ అంతా తిరిగి, పేదపిల్లల కంటి ఆపరేషన్లకు చందాలు పోగుచేస్తారట. వెంట ఒక మెకానిక్ కావాలి.

"పోశన్నా, నువ్వొస్తవా?"

పోశన్నకు ప్రాణం లేచొచ్చింది. నాగ్‌పూర్ దాటి ఎన్నడూ పోనివాడు. కానీ పిలవగానే ఎగిరి గంతేస్తే పరువేముంటుంది? పెళ్లి భోజనంలో కూడా రెండుసార్లు వద్దని, మూడోసారి గానీ విస్తరి మీంచి చెయ్యి తీయని వంశం ఆయనది.

"నాకెక్కడ తీరుతది శేట్? దుకాణం ఎవలు చూస్తరు?" అని బెట్టు చేసి, రెండో పిలుపు కోసం చెవులు రిక్కించాడు.

"అదీ నిజమేలే" అని శేట్ రోడ్డు దాటి సీతారాం షెడ్డుకు వెళ్లిపోయాడు. సీతారాం బెట్టూ గిట్టూ లేకుండా, "ఎప్పుడు బయల్దేరుడు?" అన్నాడు.

ఈ సీతారాం పోశన్న దగ్గరే ఐదేళ్లు పని నేర్చి, ఎదురుగానే షెడ్డు వేసినవాడు. ఏకు మేకైందని పోశన్నకు ముందే కడుపుమంట. ఇక ఆనాటి నుంచి వాడి కొత్త చలికోటు చూస్తే మంట, మరాఠీ పేపర్లో వాడి ఫొటో చూస్తే మంట. భార్య రాజక్క "నేపాల్ల మంచు పడ్తదట గదా, సీతారాం చూస్తడు" అంటే అన్నం సగంలో వదిలి లేచాడు.

బయలుదేరే ముందురోజు సీతారాం తన బండిని నడిపించుకుంటూ వచ్చాడు. "అందరి బండ్లు నేనే చూసిన అన్నా. నా బండి మీద మాత్రం నీ చెయ్యి పడాలె."

పోశన్న అన్ని నట్లూ బిగించాడు. వెనకచక్రం ఇరుసు దగ్గరికి వచ్చేసరికి పానా పక్కన పెట్టాడు. నట్టును వేళ్లతో తిప్పి వదిలేసి, మీద చుక్క పెట్టాడు. చక్రం ఊగి, వీడు దారిలోంచి తిరిగొస్తే చాలనుకున్నాడు. అంతకు మించి ఆలోచించలేదు.

మర్నాడు దండలు, ఫొటోలు అయ్యాక బళ్లు వెళ్లిపోయాయి. సాయంత్రానికి గానీ ఆయనకు బుద్ధి రాలేదు. నేపాల్ అంటే ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

ఇక రోజూ ఎస్టీడీ బూత్‌కు పోయి, "ఫోనొచ్చిందా?" అని ఒకటే అడగడం. బూత్ నడిపే కాంతమ్మ, "శిష్యుడంటె ఎంత పానం నీకు!" అని మెచ్చుకుంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. గోరఖ్‌పూర్ నుంచి సీతారాం ఫోను వచ్చిననాడు రిసీవరు చేతిలోకి తీసుకున్నాడు కూడా. నట్టు సంగతి చెబితే తన షెడ్డుకు ఇక ఎవడూ బండి తేడు. "పైలంగ పోయి రా" అని పెట్టేశాడు.

ఇరవై మూడో రోజు తొమ్మిది బళ్లూ తిరిగొచ్చాయి. పోఖరా దారిలో మబ్బులు కాళ్ల కింద పడ్డాయని, ఓ ముసలమ్మ కొంగుముడి విప్పి చందా వేసిందని సీతారాం చెబుతుంటే జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారు. పోశన్న వాళ్లను తోసుకుని సీతారాం బండి వెనకచక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పసుపు చుక్క రెండు ముక్కలై ఉంది. నట్టు మాత్రం గట్టిగా ఉంది. పక్కన కొత్తగా ఎర్ర చుక్క.

సీతారాం వంగి, మెల్లగా అన్నాడు: "నాగ్‌పూర్‌లనే చూసిన అన్నా. చుక్క ఇరిగింది."

"ఎవలకన్న చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? ఎక్కడ బండి బాగుచేసినా, పోశన్న నేర్పిన పని అనే చెప్పిన."

చెంప మీద కొట్టినా బాగుండేది. నేపాల్ చూడటంలోనే కాదు, మంచితనంలో కూడా వాడే ముందుపోయాడు. అన్ని మంటల్లోకీ ఇదే ఎక్కువ మండింది.

పోశన్న షెడ్డుకు పోయి పసుపు డబ్బా మూత బిగించాడు. ఆ తర్వాత ఏ నట్టు మీదా చుక్క పెట్టలేదు. ఎవరైనా అడిగితే, రంగు అయిపోయిందనేవాడు.