మూడు పాళ్ల విత్తనం

విత్తనం దాచే నేర్పు మా ఇంటిదేనని మా మనుమలు చెప్పుకొంటున్నారు. అది నిజం కాదు. నిజమేదో నాకూ స్పష్టంగా తెలియదు. తెలిసినంతవరకైనా వ్రాసి పెట్టకపోతే ఆ అబద్ధమే నిలిచిపోతుంది.

ముప్పయ్యవ దశకం చివర నేను వనపర్తిలో పంతులుగా ఉండేవాణ్ణి. ఆ యేడు ఊరందరి విత్తన జొన్నలకూ ముక్కపురుగు పట్టింది. చెరిగి ఏరగా మాకు గంపెడు దక్కాయి. మృగశిర కార్తెకు అవే చల్లాలి. అవీ చెడితే చేను బీడే.

ఎండిన వేపాకు కలిపి కుండలో పోయాలని అమ్మ అన్నది. ఇటిక్యాల ఆడపడుచైన మా వదిన, తమ వైపు కన్నడం వాళ్లలాగా పిడకల బూడిద పట్టించాలన్నది. లింగాల నుంచి కూలికి వచ్చి మా దొడ్డిలో ఉంటున్న ముసలమ్మ, చెంచుల దగ్గర చూచిన పద్ధతి చెప్పింది: సొరబుర్రలో పోసి పొయ్యి మీద పొగకు వేలాడగట్టడం.

“పొగకు గింజ సావదా ముసలీ?” అన్నది వదిన.

“నీ బూడిదల పొర్లితె బతుకుతదా దొరసానీ?”

నేను గంపను మూడు సమభాగాలు చేసి, ఎవరి పద్ధతి వారికి అప్పగించి, చీటీలు అంటించి, పని మీద నెల రోజులు నాగర్‌కర్నూలు వెళ్లాను.

తిరిగి వచ్చి చూస్తే సొరబుర్రలో బూడిద ఉంది. బూడిద కుండలో వేపాకు ఉంది. అమ్మ కుండ పొయ్యి పైన ఉట్టిలో మసిబారి ఉంది. ఒక్కదానిలోనూ పురుగు లేదు.

“ఇదంతా ఎవరు చేశారు?” అని గద్దించాను.

“నాకేం తెల్వదు మరిదీ,” అన్నది వదిన. ముసలమ్మ నవ్వు ఆపుకొన్నది. అమ్మ మాత్రం, “ఒక్క దాన్ని నమ్ముకొని చేను బీడు వెట్టుమంటవారా? జర సోచాయించు,” అన్నది.

మృగశిరకు వాన పడింది. మూడు పాళ్లూ మొలిచాయి. ఏది ఏ పద్ధతి వల్ల మొలిచిందో చెప్పడానికి నా చీటీలు పనికిరాలేదు. మరుసటి యేడు వదిన తానే సొరబుర్ర కట్టింది. ముసలమ్మ బూడిద జల్లించుకొన్నది. అడిగితే, “మాది మొదటి సంది గిట్లనే,” అన్నారు ఇద్దరూ.

ఎవరు ఎవరి దగ్గర నేర్చారో నేను నిర్ణయించలేకపోయాను. చెంచుల మాట ముసలమ్మ నోట విన్నదే గాని నేను చూచినది కాదు. ఆ ప్రాంతాల పద్ధతులు ఎరిగిన పెద్దలు ఇందులోని తప్పులను మొగమాటం లేకుండా దిద్దవలెనని ప్రార్థన.