పోలయ్య వదులుకున్న వంతు

మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో కంటైనర్ లారీ తోలి తోలి పోలయ్య ఒళ్లు గుల్ల చేసుకున్నాడు. గుండె రక్తనాళాలు మూసుకుపోయాయి, ఆపరేషన్ తప్పదన్నారు సర్కారు ఆసుపత్రిలో. ఖర్చు దాదాపు అంతా ప్రభుత్వానిదే, కాకపోతే వంతు రావాలి. ఏడాది దాటి కాళ్లరిగేలా తిరిగితే ఎట్టకేలకు తేదీ ఇచ్చారు.

సరిగ్గా అప్పుడే కొడుకు వినోద్‌కుమార్‌కి కొత్త ఉద్యోగం వచ్చింది. కంపెనీ ఇన్సూరెన్స్ కార్డులో తల్లిదండ్రులనూ చేర్చుకోవచ్చట. ఇక వాడి సంబరం చూడాలి!

"గవర్నమెంట్‌లో అందరికీ ఒకటే లైన్ నాన్నా. కార్డుంటే మనకి నచ్చిన ఆస్పత్రి, నచ్చిన డాక్టరు. ఇంకా ఆ బెంచీల మీద కూసోడం ఎందుకు?"

పోలయ్య బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో, కూలీల ఇళ్లల్లో పుట్టినవాడు. అక్కడ బియ్యం దగ్గరైనా, నీళ్ల కుళాయి దగ్గరైనా, వేరే దారి దొరికినవాడు వరసలోంచి తప్పుకోవాల్సిందే. తప్పుకోకపోతే తల్లి వీపు చిట్లగొట్టేది. ఆ పెంపకం ఒంట్లో ఇంకిపోయింది. మర్నాడే ఆసుపత్రికి వెళ్లి, తన తేదీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని నర్సుతో చెప్పేసి వచ్చాడు మహానుభావుడు! కార్డు పనికొస్తుందో లేదో కనుక్కుంటేగా!

భార్య కూర్మమ్మ నెత్తి కొట్టుకుంది. "ముందు ఆపరేసన్ అవనీకుండా అప్పుడే సెప్పీసినావా? అంత తొందరేటి నీకు?"

"రెండు సోట్లా నేనే కూసుంటే ఎలాగే? దిక్కులేనోడు ఎవడో సూస్తుంటాడు కదా."

ప్రైవేటు ఆసుపత్రిలో నేల అద్దంలా మెరిసింది. కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూ కూర్చోబెట్టి, నవ్వుతూనే ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు చెప్పింది. జబ్బు కార్డు కంటే ముందునుంచీ ఉంది కాబట్టి గుండెకు కార్డు వర్తించదు. కాలు విరిగితే రావచ్చు. వినోద్‌కుమార్ ఇన్సూరెన్స్ వాళ్ల మీద ఫోన్‌లో అరిచాడు, బతిమాలాడు, చివరికి చల్లబడిపోయాడు. సొంత డబ్బుతో చేయించడం ఆ ఇంటికి అయ్యే పని కాదు.

"నాదే తప్పు నాన్నా" అన్నాడు కారెక్కాక.

"గవర్నమెంటోడు లేటు సేస్తాడు గానీ, జబ్బు ఎప్పుడొచ్చినాదని అడగడు రా. ఈడు గుమ్మం కాడే అడిగినాడు" అన్నాడు పోలయ్య. కొడుకుని తిట్టడానికి కూడా ఓపిక లేదు.

మళ్లీ సర్కారు ఆసుపత్రికే వెళ్లారు. నర్సు గుర్తుపట్టింది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? వరస చివరినుంచి మొదలుపెట్టాలంది. డాక్టర్ ఈసారి మెట్లెక్కొద్దన్నాడు, బరువు ముట్టొద్దన్నాడు. అంతకాలం తట్టుకుంటాడా అని కూర్మమ్మ అడిగితే, ఆయన మందుల చీటీ రాసి ఆమె చేతిలో పెట్టాడు.

బయటికి వస్తూ పోలయ్య నర్సు దగ్గర ఆగి, తన తేదీ ఎవరికిచ్చారని మలయ్‌లో అడిగాడు.

"ఒకామెకి, పెద్దాయనా. బాగైపోయి ఇంటికెళ్లింది" అంది ఆమె. ఆయన మంచితనం వల్ల ఒకరు బతికారని చెప్పడం తనకే సంతోషంగా ఉంది కాబోలు.

పోలయ్య కూడా సంతోషపడాలి. పడలేకపోయాడు. అది నా చోటు అనిపించింది. ఆమె రాకపోయి ఉంటే, అసలు ఆమె లేకపోయి ఉంటే, అనుకున్నాడు. మరో మనిషి బతికిందని విని కడుపు మండటం ఈ వయసులో ఇదే మొదలు. గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏటయినాది? నొప్పొస్తందా?" అంది కూర్మమ్మ కంగారుగా.

నొప్పేనన్నాడు పోలయ్య.